ఉమ్లిల్ రేవులో పదకొండు గేలాలు

మా అత్తగారి మీద కేసు రాయడానికి వెళ్ళి, ఆవిడ కూతుర్ని పెళ్ళి చేసుకుని తిరిగొచ్చిన మనిషిని నేను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, లేకపోతే నన్ను కథ చెప్పనివ్వరు. అప్పటికింకా ఆవిడ నాకు అత్తగారు కాదు. నేను ఉమ్లిల్ వాగుకి కొత్తగా వచ్చిన గార్డుని. ఒంటి మీద ఆకుపచ్చ కోటు, జేబులో చేపల్ని కొలిచే బద్ద, చంకలో చలానా పుస్తకం. ఆవిడ మోకాటి లోతు నీళ్ళలో వంగి, రెండు చేతులూ ఒక బండరాయి కిందికి పోనిచ్చి నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాను.

"చేతులు కడుక్కుంటున్నా నాయనా."

"రాయి కిందా?"

"పైన నువ్వు నిలబడ్డావుగా." ఆవిడ నడుం ఎత్తి నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. "పెళ్ళయిందా నీకు?"

కాలేదన్నాను. అక్కడితో నా పని అయిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో పుదీనా టీ తాగాను. పోసిన పిల్ల పేరు రబ్హా. చలికాలం రాకముందే పెళ్ళి. విందులో అందరికీ గొర్రెమాంసం పెట్టారు, నా ముందు మాత్రం రొట్టె మడత కింద ఒక చుక్కల ట్రౌట్ చేపని దాచిపెట్టారు. వేట కాలం ముగిసి అప్పటికి తొమ్మిది రోజులు. చుట్టూ నాలుగొందలమంది, డప్పులు, పాటలు; నేనేమో పెళ్ళికొడుకుని. ఏం చెయ్యను, తినేశాను. మా కొండల్లో ఇంట్లో పెట్టిన ముద్ద తిన్నవాడు ఆ ఇంటి మీద ఫిర్యాదు చెయ్యడు. ఆవిడకి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే పెట్టింది.

ఆవిడ పేరు తూదా. దేవదారు అడవి అంచున రెండు గదుల ఇల్లు, ముప్పయ్యారు గొర్రెలు, ఒక గోడ పొడవునా మగ్గం. మొగుడు ఒక మంచుకాలంలో జ్వరం తగిలి పోయేనాటికి ఆవిడకి ముప్పయ్యేళ్ళు లేవు. అన్నదమ్ములు మళ్ళీ సంబంధాలు తెచ్చారు. ఒకడు అదేపనిగా దగ్గుతాడంది, ఒకడికి గొర్రెల వాసన పడదంది, మూడోవాడిలో తప్పు దొరక్క "వాడు నవ్వడు" అని పంపించేసింది. కంబళ్ళు నేసి కూతుర్ని పెంచింది. తూదా కంబళి కప్పుకుంటే జనవరిలో పొయ్యి రాజెయ్యక్కర్లేదని మంగళవారం సంతలో చెప్పుకునేవాళ్ళు. దాని కిటుకు ఏమిటని ఎవరైనా అడిగితే తన చేతులు కాదు, వాగుని చూపించేది.

నిజమే. ఊట నుంచి కొంత దిగువన వాగు వెడల్పయ్యే చోట మా ఆడవాళ్ళ రేవు ఉంది. అక్కడ కడిగిన ఉన్ని మెత్తగా, తెల్లగా వస్తుంది. ఇంకా కిందికి పోతే పశువులు దిగి బురద చేస్తాయి, పైకి పోతే ఊట, అక్కడ కాలు పెట్టరు. మే నెలలో గొర్రెల బొచ్చు కత్తిరించాక ఒడ్డున గుంట తీసి, నురగ వచ్చే వేరు దంచి వేడినీళ్ళలో కలిపి, ఉన్నిని అందులో నానబెడతారు. ఆ జిడ్డు నీళ్ళు గుంటలోనే ఇంకిపోవాలి. చుక్క వాగులో పడితే చేపలు తేలిపోతాయి. ఒకసారి ఒక కొత్తకోడలు తెలియక గిన్నె వాగులో వంచబోతే తూదా ఆ పిల్ల చెవి పట్టుకుని గుంటదాకా నడిపించింది. జిడ్డు వదిలాకే ఉన్నిని వాగులో పరిచి, వరసగా నిలబడి, పాడుకుంటూ కాళ్ళతో తొక్కుతారు.

ఇక చేత్తో చేపలు పట్టడం అంటారా, అది వాళ్ళ నాన్న నేర్పిన విద్య. రాయి కింద చేప పొట్టని వేళ్ళతో నిమురుతూ పోతే అది మత్తుగా చేతిలోకి ఒరుగుతుందట. మా నిబంధనల్లో ఇంతకన్నా పెద్ద నేరం నీళ్ళలో మందు కలపడం ఒక్కటే. అయితే ఆవిడ ఊరికే పట్టేది కాదు. బాలింతకి ఒకటి, మంచం పట్టినవాళ్ళకి ఒకటి, అల్లుడు అలిగినప్పుడు ఒకటి. గుడ్లు పెట్టే నెలల్లో వాగువైపు తలతిప్పి చూసేది కూడా కాదు. నేను పదిహేడేళ్ళు కాపలా కాశాను గానీ, ఆ వాగులో చేపలు మిగిలి ఉన్నాయంటే అందులో నా గొప్ప ఎంతో ఆవిడ గొప్ప ఎంతో గట్టిగా చెప్పలేను.

ఆ పదిహేడో ఏడు మాకు కొత్త ఆఫీసరు వచ్చాడు. లహ్రీషీ అని, ఫెజ్ పట్నం మనిషి. మెరిసే బూట్లు, సన్నని మీసం. మా కొండభాషలో ఎవరైనా పలకరిస్తే అర్థం కానట్టు మొహం పెట్టి, పట్నపు అరబీలో జవాబిచ్చేవాడు. వచ్చిన రెండు నెలలకే ఒక ఉత్తర్వు తీశాడు. తెల్లబండ నుంచి చెక్కవంతెన దాకా ఉన్న వాగు ఇకనుంచి ప్రత్యేక వేటభాగం. మే నుంచి సెప్టెంబరు దాకా లైసెన్సు ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ నీళ్ళలో దిగకూడదు. గుంజలు పాతి, ఎర్రరంగు పూసి, బోర్డు కొట్టాలి. పాతేది నేను. రేవు సరిగ్గా ఆ రెండు గుంజలకీ మధ్యన ఉంది.

నాకు ఒళ్ళు మండింది. కానీ నేను నెల జీతం మనిషిని, ఆయన సంతకం పెడితే రేపే నన్ను నీళ్ళు లేని చోటికి బదిలీ చేస్తారు. ఉత్తర్వు పట్టుకుని మా అత్తగారింటికి వెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ మగ్గం దగ్గర కూర్చుని ఉంది, చెయ్యి ఆగలేదు.

"లైసెన్సు ఉంటే దిగొచ్చా?"

"దిగొచ్చత్తా, గేలం వేసుకోడానికి."

"ఏయే రోజులు?"

"ఆదివారాలూ, సెలవు రోజులూ. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా."

"మనిషికెన్ని గేలాలు?"

"ఒకటే. కర్ర చేత్తో పట్టుకునే ఉండాలి, నేలమీద పెట్టకూడదు."

"చేప పడకపోతే తప్పా?"

"పడకపోతే తప్పేముంది? పట్నం నుంచి వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి పడదు."

"అయితే సరే," అంది తూదా. ఆవిడ అంత త్వరగా సరే అన్నది మా పెళ్ళప్పుడొకసారి, ఇదొకసారి. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

తరవాతి మంగళవారం నెలవారీ కాగితాలివ్వడానికి ఆఫీసుకి వెళ్ళాను. లోపల గుమస్తా బల్ల ముందు పదకొండుమంది ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ గుర్తింపు కార్డూ, ఫోటోలూ. అందరికన్నా ముందు మా అత్తగారు. ఫీజు కోసం ఆ పొద్దున సంతలో తన గొర్రెపోతుని అమ్మేసిందని తరవాత తెలిసింది. మందలో ఉన్నది అదొక్కటే పోతు.

గుమస్తా కలం పక్కన పెట్టాడు. "ఆడవాళ్ళకి చేపల లైసెన్సేంటమ్మా?"

"నీ పుస్తకంలో మగవాళ్ళకే అని ఉందా? ఉంటే చదువు, వింటా."

వాడు పుస్తకం తిరగేశాడు. ముప్పయ్యొక్క పేజీలూ తిరగేశాడు. చేప పొడవుంది, గేలపు ముల్లు సైజుంది, వేటకుక్కల గురించి కూడా ఉంది, ఆడవాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. దిక్కుతోచక నావైపు చూశాడు.

"బెన్నాసర్, ఈవిడ నీకు తెలుసా?"

"మా ఆవిడ తల్లి."

"మరి మీ ఆవిడ?"

"వరసలో నాలుగో మనిషి," అన్నాను. రబ్హా నాకేసి చూసి కొంగు సర్దుకుంది. ఇంట్లో ఒక్క మాట కూడా చెప్పలేదు నాకు. పక్కలో బల్లెం అని కూడా అనలేను, వంట తనదే.

గుమస్తా రాయడం మొదలుపెట్టాడు. "వృత్తి?"

"ఇప్పటిదాకా నేత. ఇవాళ్టినుంచి సరదాగా చేపలు పట్టడం," అంది తూదా.

మే నెల రెండో ఆదివారం ప్రత్యేక వేటభాగం ప్రారంభం. ఆఫీసరు జీపులో వచ్చాడు. వెంట రాజధాని నుంచి ఇద్దరు అతిథులు. వాళ్ళలో పెద్దాయన కలం కదిపితేనే మా ఆఫీసరుకి ప్రమోషను. జీపు దిగి వంతెన మలుపు తిరిగిన ముగ్గురూ అక్కడే ఆగిపోయారు.

వాగులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా పదకొండుమంది ఆడవాళ్ళు. పావడాలు మోకాళ్ళ పైకి దోపి, ఒక్కొక్కరూ చేత ఒక రెల్లుకర్ర పట్టుకున్నారు. కర్ర చివర సొంతంగా వడికిన నూలు, నూలు చివర సంతలో కొన్న ముల్లు. చూపులన్నీ నీళ్ళ మీద, బుద్ధిగా. కాళ్ళు మాత్రం ఆగకుండా ఆడుతున్నాయి, కాళ్ళ కింద తెల్లగా ఉన్ని. పాట కూడా ఆగలేదు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి.

"చేపలు పడుతున్నారు సార్."

"కాళ్ళ కింద ఏంటది?"

"ఉన్ని సార్."

"ఉన్ని ఎందుకుంది?"

"అడుగున రాళ్ళు కదపకూడదని మన పద్నాలుగో పేజీలో ఉంది కదా సార్. ఉన్ని మీద నిలబడితే రాళ్ళు కదలవు."

ఇది నేనన్న మాటేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన నాకేసి గుడ్లురిమి చూసి, అందరి లైసెన్సులూ అడిగాడు. పదకొండు చేతులు రవికల్లోంచి పదకొండు కాగితాలు తీశాయి. ఫోటోలు సరిపోయాయి, ముద్రలు సరిపోయాయి. కర్రలు లెక్కపెట్టాడు, మనిషికొకటే. జిడ్డు నీళ్ళు వాగులో కలుస్తున్నాయేమోనని ఒడ్డున గుంట చుట్టూ తిరిగి చూశాడు. గుంట చుట్టూ మట్టి కట్టారు, చుక్క బయటికి రాలేదు. అతిథులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి అది కనపడింది.

"వినండమ్మా," అన్నాడు చెవులెర్రబడి, తన పట్నపు అరబీలోనే. "వచ్చే వారం ఈ రేవు చుట్టూ ఇనప కంచె వేయిస్తాను. ఉత్తర్వు మార్చి మీ లైసెన్సులన్నీ రద్దు చేయిస్తాను. ఇదే మీ ఆఖరి ఆదివారం."

పాట ఆగిపోయింది. తూదా మొహంలో రంగు తగ్గడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. భయపడింది ఆవిడ. గొర్రెపోతుని అమ్ముకున్న మనిషి, ఇంట్లో ఇంకా పాతిక గొర్రెల ఉన్ని నానకుండా ఉంది, రేవు పోతే మగ్గం పోయినట్టే.

"మరి ఉన్ని ఎక్కడ కడుక్కోమంటావు నాయనా?"

"కుళాయి దగ్గర కడుక్కోండి. అందరూ అలాగే బతుకుతున్నారు."

ఆవిడేదో అనబోయింది, ఇంతలో చేతిలో కర్ర వంగింది. ముల్లుకి ఆవిడ కట్టినది వానపాము కాదు, మంజిష్ఠ వేరుతో అద్దిన ఎర్రనూలు పోగు. ఏ పురుగనుకుందో గానీ ఒక ట్రౌట్ దాన్ని మింగింది. తూదా కర్రని ఒక్క ఊపున ఒడ్డుకి లాగింది. నేను బద్ద తీసి కొలిచాను. ఇరవయ్యేడు సెంటీమీటర్లు. ఉండాల్సినదానికన్నా ఐదు ఎక్కువే ఉంది. అతిథులు చప్పట్లు కొట్టారు.

"మా దగ్గర ఇంత ఖరీదు కర్రలున్నా ఏనాడూ ఇంత చేప పడలేదు," అన్నాడు పెద్దాయన. "ఏం లహ్రీషీ గారూ, మీరైనా మా పరువు కాపాడండి."

పౌరుషానికి పోయాడు మా ఆఫీసరు. పెద్దాయన చేతిలోంచి కర్ర అందుకుని, కోటు సర్దుకుని, దారం గాల్లో రెండు చుట్లు తిప్పి నీళ్ళలో వేశాడు. అందంగానే వేశాడు, కాదనను.

"అల్లుడూ," అంది తూదా తీరిగ్గా, "ఆయన లైసెన్సు చూడవా?"

ఆయన నా పై అధికారి. జిల్లాలో లైసెన్సులన్నిటి మీదా సంతకం ఆయనది. సంతకం పెట్టేవాడికి లైసెన్సెందుకనుకున్నాడో ఏమో, తనకంటూ ఒకటి తీసుకోలేదని మా అందరికీ తెలుసు. నేను నేల చూశాను, ఆకాశం చూశాను. చివరికి రబ్హాని చూశాను. రబ్హా కర్ర అలాగే పట్టుకుని నన్నే చూస్తోంది, ఇంతేనా నువ్వు అన్నట్టు. పదిహేడేళ్ళుగా నా వాళ్ళ నేరాలకి కళ్ళు మూసుకుని, ఊరివాళ్ళ పిల్లల దగ్గర చలానాలు వసూలు చేసిన మనిషిని నేను. సిగ్గేసింది.

ముందుకెళ్ళి కోటు గుండీ పెట్టుకున్నాను. "సార్. మీ లైసెన్సు."

"ఏంటీ?"

"లైసెన్సు దగ్గర లేకుండా నీళ్ళలో గేలం వేసినవాళ్ళ కర్ర స్వాధీనం చేసుకుని, పేరు రాజధానికి పంపాలి సార్. మొదటి పేజీలోనే ఉంది."

పెద్దాయన నవ్వు ఆపుకుంటూ, "రాయండి గార్డు గారూ, రాయండి. పని పనే," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ ఆ నవ్వులో జాలి లేదు. నేను పుస్తకం తెరిచి కార్బన్ సర్ది, పేరు రాయడం మొదలుపెట్టాను. ఆఫీసరు మొహం పాలిపోయింది. ప్రమోషను ఇచ్చే చెయ్యి పక్కనే ఉంది, ఆ చేతికి తన నేరం కాగితం మీద చేరబోతోంది. ఆయన కర్ర పక్కన పెట్టాడు. ఏమనుకున్నాడో, ఆ మెరిసే బూట్లతోనే వాగులోకి దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ నేరుగా తూదా దగ్గరికి వెళ్ళి, ఆవిడ కాళ్ళ కింద ఉన్న ఉన్ని కొసని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమ్మా, నీ గడపలో ఉన్నాను," అన్నాడు. మా భాషలో. మా అమ్మలు పలికినట్టే.

ఆడవాళ్ళు కదల్లేదు. మాలో ఒక పద్ధతి ఉంది. తరుముకొచ్చేవాళ్ళకి చిక్కకుండా ఎవడైనా ఒక ఇంట్లోకి వచ్చి మగ్గం కర్ర పట్టుకుని ఆ మాట అంటే, ఇక వాడు ఆ ఇంటి మనిషి. శత్రువైనా సరే, ఆ ఇల్లాలు వాడిని అప్పగించకూడదు. వాడూ ఆ ఇంటికి కీడు తలపెట్టకూడదు. ఇది పట్నం పిల్లలకి తెలిసే సంగతి కాదు.

"ఎవరి కొడుకువి నువ్వు?" అంది తూదా.

"ఎగువ కనుమ ఫాద్మా కొడుకుని."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

ఆయన తల వంచుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసిపోయింది. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు కోపం మిగల్లేదు.

"పుస్తకం మూసెయ్ అల్లుడూ. ఈయన నా ఇంట్లో ఉన్నాడు."

"ఇంట్లోనా? ఇది వాగత్తా. మగ్గం కూడా లేదిక్కడ."

"ఎల్లుండి మగ్గం ఎక్కే ఉన్ని కాదూ ఇది? మనిషన్నవాడు ఇంట్లోకొచ్చి ఆశ్రయం అడుగుతాడు గానీ వాగులోకొచ్చి అడుగుతాడా? ఈయన ఇక్కడ అడిగాడు కాబట్టి ఇది ఇల్లే." ఆయనవైపు తిరిగింది. "అవునా కాదా నాయనా? కాదంటే చెయ్యి వదిలెయ్, మా అల్లుడు రాసుకుంటాడు."

ఆయన ఉన్ని వదల్లేదు. "అవును," అన్నాడు.

"ఇంటికి ఇనప కంచె వేయిస్తావా?"

"వేయించను."

"ఆ చివర యామ్నాకి సరిగ్గా వినపడదు. గట్టిగా చెప్పు."

"వేయించనమ్మా. గుంజలు కూడా రేవు దాటించి పాతిస్తాను."

పెద్దాయనకి మా భాష రాదు. ఏమంటున్నారని నన్నడిగాడు. మా ఆఫీసరు తన చుట్టాలింటికి వచ్చాడని చెప్పాను. ఆయన నన్నూ, నీళ్ళలో నిలబడ్డ మనిషినీ, పదకొండుమంది ఆడవాళ్ళనీ ఒకసారి చూసి, "చుట్టరికాల్లో నేను తలదూర్చను," అని దేవదారు చెట్లవైపు తిరిగిపోయాడు. సగం రాసిన చలానా మీద నేను అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి సంతకం పెట్టాను.

గుంజలు పీకి మళ్ళీ పాతడానికి నాకు రెండు రోజులు పట్టింది. రేవుకి లైసెన్సు అక్కర్లేదని కొత్త ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్ళు కర్రలు పొయ్యిలో పెట్టేశారు. తూదా గొర్రెపోతు కోసం పొరుగూరి వాళ్ళని బతిమాలుకోవాల్సి వచ్చింది, ఆ ఏడంతా దాని గురించి నన్నే తిట్టింది.

మరుసటి మేలో ఒక ఆదివారం జీపు మళ్ళీ వచ్చింది. ఆఫీసరు ముందు దిగి, అవతలి తలుపు తీసి, ఒక ముసలావిడని మెల్లగా దింపాడు. ఆవిడ చంకలో ఒక గొర్రె ఉన్ని మూట. పట్నం కోడలుగా వెళ్ళి నలభయ్యేళ్ళయిందట. అత్తింట్లో కొండభాష మాట్లాడనిచ్చేవారు కాదట, కొడుకుతో చాటుగా తప్ప మానేసిందట. కొడుకుని ఏనాడూ ఏమీ అడగని మనిషి, ఒక్కసారి ఈ రేవులో దిగాలని, ఈ ఒక్కటీ అడిగిందట. ఒడ్డుదాకా వచ్చి నా ఆకుపచ్చ కోటు చూసి ఆగిపోయింది. గబగబా రవికలోంచి ఒక కాగితం తీసి నాకు చూపించింది. లైసెన్సు. ఫోటోతో, ముద్రతో. అక్కర్లేదని ఎంత చెప్పినా వినకుండా కొడుకు చేత తీయించుకుందట, ఎవరైనా బయటికి పొమ్మంటారేమోనని.

నీళ్ళలోంచి తూదా చెయ్యి చాచి, "ఇటివ్వు," అంది. ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, సరిగ్గా నేను పెట్టే మొహం పెట్టి, ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"అంతా సరిగ్గానే ఉందక్కా, దిగు."

ఫాద్మా చెప్పులు విప్పి నీళ్ళలో దిగింది. వరసలో నిలబడ్డ పదకొండుమందినీ చూసి, పావడా దోపుకుంటూ, మా భాషలో, "జరగండే, నాకు కాస్త చోటివ్వండి," అంది. అందరూ జరిగారు. ఆఫీసరు ఒడ్డున కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.